బోర్డుని ఫొటో తీయండి, బోర్డు వెనకున్న ఊరిని కోసేయకండి

అమెరికాలో ఉంటున్న మన తెలుగు పిల్లల ఫేస్‌బుక్ పేజీలు చూస్తుంటే ఒక సరదా తరచుగా కనబడుతోంది. నాలుగు రోజులు సెలవు దొరికితే కారు వేసుకుని వేల కిలోమీటర్లు తిరగడం, దారిలో కనబడే పాతకాలపు బోర్డుల్ని ఫొటోలు తీసి పెట్టడం. తుప్పు పట్టిన మోటెల్ బోర్డు, సగం అక్షరాలే వెలిగే నియాన్ బోర్డు, ఎప్పుడో మూతపడ్డ పెట్రోల్ బంకు గుర్తు, ఎర్ర మట్టి దిబ్బల ముందు నిలబెట్టిన రేకు బొమ్మ. కింద ఒక లైను ఉంటుంది: "ఆ రోజులే వేరు". వందల లైకులు, వెనకే లవ్ గుర్తులు.

ఈ సరదాని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. పాత బోర్డుల ఫొటోలు తీయడం మంచి పనే, అవసరమైన పని కూడా. నేను అడిగేది ఒక్కటే. ఆ బోర్డుల్లో చాలావాటి మీద ఉన్నది మనలాంటి ఆదివాసీల మొహం. ఆ మొహాన్ని ఎవరు గీశారు, ఎవరి నేల మీద నిలబెట్టారు, దాని పేరుతో వచ్చిన డబ్బు ఎవరి జేబులోకి వెళ్లింది? ఫొటోలో ఇదేమీ కనబడదు. కనబడనివ్వకుండా ఫొటో తీయడమే ఈ సరదాలో అలవాటైపోయింది. మాట్లాడుకోవాల్సింది ఆ అలవాటు గురించే.

ఈ బోర్డుల వేటకి అందరికంటే పెద్ద పేరున్న రోడ్డు రూట్ 66. 1926 నవంబర్ 11న మొదలైంది, అంటే 2026కి వందేళ్లు. షికాగో నుంచి కాలిఫోర్నియాలోని సాంటా మోనికా దాకా, ఎనిమిది రాష్ట్రాల మీదుగా, సుమారు 3,940 కిలోమీటర్లు. వందేళ్ల పండగ కాబట్టి ఇక ఫొటోలకి, వీడియోలకి కొదవుండదు. వాటిలో మన తెలుగువాళ్లవి కూడా చాలానే ఉంటాయి. అందుకే ఈ మాట ఇప్పుడే చెప్పుకోవాలి.

ముందు ఈ బోర్డులు ఎలా పుట్టాయో చూద్దాం. 1930ల నుంచి 1950ల దాకా ఆ రోడ్డు పక్కన బతికిన ప్రతి మోటెల్‌కీ, హోటల్‌కీ, కొట్టుకీ ఒకటే సమస్య. ఎదురుగా జోరుగా వచ్చే కారు డ్రైవరు కంట్లో క్షణంలో పడాలి, అతని కాలు బ్రేకు మీదకి వెళ్లాలి. అందుకే అంత పెద్ద అక్షరాలు, అంత గాఢమైన రంగులు, అన్ని దీపాలు. గాజు గొట్టాన్ని మంట మీద కాల్చి, అక్షరం ఆకారానికి చేత్తో వంచి, లోపలి గాలి తీసేసి వాయువు నింపితే ఆ బోర్డు వెలుగుతుంది. నియాన్ నింపితే ఎరుపు, ఆర్గాన్‌లో కాస్త పాదరసం కలిపితే నీలం. పక్కా చేతిపని అది. ఊరి కమ్మరి పనిలా, కుమ్మరి పనిలా చేయి తిరిగినవాడే చేయగలిగే పని. న్యూమెక్సికోలోని టుకుమ్‌కారీలో 'బ్లూ స్వాలో' మోటెల్ బోర్డుని చూసి ముచ్చట పడని మనిషి ఉండడు.

తర్వాత పెద్ద ఇంటర్‌స్టేట్ హైవేలు వచ్చాయి. అవి ఊళ్ల పక్కనుంచి వెళ్లిపోయాయి. 1965లో రోడ్ల పక్క ప్రకటన బోర్డుల్ని అదుపు చేసే చట్టం వచ్చింది. 1985లో రూట్ 66ని అధికారికంగా హైవేల జాబితా నుంచే తీసేశారు. కార్లు రాని చోట మోటెల్ ఉండదు, మోటెల్ లేని చోట బోర్డు తుప్పు పడుతుంది. జాన్ మార్గోలీస్ అనే ఫొటోగ్రాఫర్ 1960ల చివరి నుంచి దాదాపు నలభై ఏళ్ల పాటు అమెరికా అంతా కారులో తిరిగి ఇలాంటివాటిని ఫొటోలు తీశాడు. ఆయన తీసిన 11 వేలకు పైగా స్లైడ్లు ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు. వాటిలో చాలా బోర్డులకి ఇవాళ ఆ ఫొటో ఒక్కటే ఆధారం. అందుకే ఈ పని అవసరం అన్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రూట్ 66 వెళ్లే దారిలో సగానికి పైగా అక్కడి ఆదివాసీ జాతుల నేల. ఓక్లహోమాలో చెరోకీలు, మస్కోగీలు. న్యూమెక్సికోలో లగూనా, అకోమా, ఇస్లెటా ప్వెబ్లోలు. ఆ సరిహద్దు నుంచి అరిజోనాలోకి నావహోలు. తమ భాషలో వాళ్లు తమని 'దినే' అని చెప్పుకుంటారు. ఇంకా హోపీలు, హువాలపాయ్‌లు. ఇన్ని జాతులు, ఇన్ని భాషలు, ఇన్ని రకాల ఇళ్లు, బట్టలు, దేవుళ్లు ఉన్నారు. బోర్డుల మీద మాత్రం ఒకే ఒక్క మొహం కనిపిస్తుంది. తల మీద ఈకల కిరీటం, ముక్కు కొంకి, చేతిలో గొడ్డలి. ఆ ఈకల కిరీటం ఉత్తరాన గడ్డి మైదానాల్లో బతికే లకోటా లాంటి జాతులది. అది కూడా యోగ్యత సంపాదించుకున్న పెద్దమనిషి మాత్రమే పెట్టుకునేది. నావహో రైతుకి గానీ ప్వెబ్లో కుమ్మరామెకి గానీ దానితో సంబంధం లేదు. కానీ కారులో వెళ్లేవాడు సినిమాల్లో చూసిన 'ఇండియన్' అదే. కాబట్టి బోర్డు మీదకి అదే ఎక్కింది.

దీనికి మంచి ఉదాహరణ అరిజోనాలోని హోల్‌బ్రూక్‌లో ఉన్న 'విగ్వామ్ మోటెల్'. 1950లో కట్టారు. కోన్ ఆకారంలో పదిహేను సిమెంటు గదులు, ముందు ఒక బోర్డు: 'విగ్వామ్‌లో నిద్రపోయారా?' అన్న అర్థంలో. రూట్ 66 మీద వెళ్లినవాళ్లలో అక్కడ ఆగి ఫొటో తీసుకోనివాళ్లు తక్కువ. ఈ డిజైన్ ఫ్రాంక్ రెడ్‌ఫోర్డ్ అనే కెంటకీ వ్యాపారిది. 1930ల్లోనే దానికి పేటెంటు కూడా తీసుకున్నాడు. ఇంకొకళ్ల ఇంటి ఆకారానికి పేటెంటు!

అది వాళ్ల ఇల్లు కూడా కాదు. కోన్ ఆకారం ఇంటి పేరు టీపీ. అది లకోటా మాట, మైదానాల్లో దున్నలవెంట తిరిగే జాతుల ఇల్లు. విగ్వామ్ అంటే దేశానికి ఇంకో చివర, ఈశాన్యపు అడవుల్లో ఉండే జాతులు చెట్టు బెరడుతో కప్పుకునే గుండ్రటి ఇల్లు. హోల్‌బ్రూక్ నుంచి ఉత్తరానికి వెళ్తే కనిపించే నావహోల ఇల్లు ఈ రెండూ కాదు. దాని పేరు హోగన్. కలపతో, మట్టితో కట్టి, వాకిలి తూర్పుకి పెట్టుకుంటారు. పక్కనే ఉన్న హోపీలవి రాతి ఇళ్లు. అంటే ఒక జాతి ఇంటి ఆకారం తీసుకుని, దానికి ఇంకో జాతి ఇంటి పేరు పెట్టి, మూడో జాతి పొరుగున నిలబెట్టారు. మన దగ్గర లెక్కలో చెప్పాలంటే, భద్రాచలం దగ్గర కోయ గూడెం పక్కన రాజస్థాన్ గుడారం ఆకారంలో సిమెంటు గదులు పోసి, ముందు 'చెంచు గుడిసెలు' అని బోర్డు పెట్టినట్టు. నవ్వొస్తుంది కదా! మరి ఆ హోల్‌బ్రూక్ ఫొటో చూసినప్పుడు మనకి నవ్వెందుకు రాదు? తెలియక. తెలియజేయాల్సిన ఫొటో తెలియజేయలేదు కాబట్టి.

ఇది ఇంటి ఆకారంతో ఆగిపోతే చిన్న విషయమే అని వదిలేయొచ్చు. కానీ ఆ బోర్డుల తారీఖుల పక్కన ఇంకో తారీఖు పెట్టి చూడండి. అమెరికా ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చిన చట్టం 1924లో వచ్చింది, రూట్ 66కి రెండేళ్ల ముందు. పౌరసత్వం వచ్చినా అరిజోనాలో, న్యూమెక్సికోలో వాళ్లకి ఓటు లేదు. 1948లో కోర్టుకి వెళ్లి గెలుచుకున్నాక గానీ రాలేదు. న్యూమెక్సికోలో ఆ కేసు వేసినవాడు ఇస్లెటా ప్వెబ్లోకి చెందిన మిగెల్ ట్రుహీయో. రెండో ప్రపంచ యుద్ధంలో మెరైన్‌గా పనిచేసి వచ్చిన టీచరు. దేశం కోసం యుద్ధం చేయొచ్చు, తిరిగొచ్చి ఓటేయడానికి వెళ్తే మాత్రం పేరు రాయరు. అంటే ఈనాడు మనం 'స్వర్ణయుగం' అని చెప్పుకుంటున్న ఆ బోర్డుల కాలంలో, బోర్డు మీద ఈకల తలకాయ రాత్రింబవళ్లు వెలిగింది. ఆ పక్క ఊళ్లో అసలు మనిషికి ఓటరు జాబితాలో చోటు లేదు. "ఆ రోజులే వేరు" అని రాసేముందు, ఎవరి రోజులో ఒక్కసారి అడగాలి.

ఇంకో బోర్డు మాట కూడా చూడండి: 'ట్రేడింగ్ పోస్ట్'. ఆ దారిలో అడుగడుగునా ఈ మాటే. టూరిస్టుకి అది నగలు, కంబళ్లు, బొమ్మలు అమ్మే సరదా కొట్టు. కానీ ఆ పేరు వచ్చింది రిజర్వేషన్ లోపలి పాత దుకాణాల నుంచి. నావహోలు గొర్రెల ఉన్ని, నేసిన కంబళ్లు, వెండి నగలు అక్కడ ఇచ్చి పిండీ, చక్కెరా, కాఫీ తెచ్చుకునేవాళ్లు. లెక్క దుకాణందారు పుస్తకంలో. ఇది మనకి కొత్త కథ కాదు. ఏజెన్సీ సంతల్లో చింతపండుకీ, అడ్డాకులకీ ఉప్పూ, పొగాకూ కొలిచి ఇచ్చిన షావుకారు కథే. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది కూడా ఆ దోపిడీని ఆపడానికే. నావహో రిజర్వేషన్ దుకాణాల మీద వచ్చిన ఫిర్యాదులపై 1970ల మొదట్లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ జరిపింది. అప్పుల్లో ముంచడం, తాకట్టు వస్తువుల విషయంలో మోసం, జనానికి వచ్చిన చెక్కుల్ని చేతిలో పట్టుకుని బలవంతపు కొనుగోళ్లు చేయించడం లాంటివన్నీ బయటికొచ్చాయి. అందరు దుకాణందారులూ దొంగలని కాదు. కానీ ఆ మాట వెనక ఆ చరిత్ర ఉంది. ఫొటోలో అందమైన అక్షరాలు వచ్చాయి, అప్పు పుస్తకం రాలేదు.

నన్ను అందరికంటే ఎక్కువ ఆలోచింపజేసే బోర్డు ఇంకొకటుంది. న్యూమెక్సికోలో గ్రాంట్స్ అనే ఊరు, రూట్ 66 మీదే. అక్కడ 'యురేనియం కెఫే' అనే పాత హోటల్ బోర్డుంది. పాత బోర్డుల ఫొటోలు తీసేవాళ్లకి అదంటే ప్రాణం. హోటల్‌కి యురేనియం పేరేంటి అని నవ్వుకుంటూ తీస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. 1950లో పాడీ మార్టినెజ్ అనే నావహో గొర్రెల కాపరి ఆ దగ్గర్లో పసుపు రాయి చూసి చెప్పాక, ఆ ప్రాంతమంతా యురేనియం గనులయ్యాయి. ఊరు తనని తాను 'యురేనియం రాజధాని' అని పిలుచుకుంది. ఆ సంబరంలో పెట్టిన బోర్డు అది.

ఆ బోర్డు నుంచి తూర్పుకి అదే దారిలో వెళ్తే లగూనా ప్వెబ్లో వస్తుంది. దాని నేల మీద, పగ్వాటే అనే ఊరి అంచునే జాక్‌పైల్ గని తవ్వారు. 1953 నుంచి 1982 దాకా తవ్వారు. ప్రపంచంలోనే పెద్ద ఓపెన్ కాస్ట్ యురేనియం గనుల్లో అదొకటి. గని మూతపడ్డాక కూడా విషం మూతపడలేదు. 2013లో దాన్ని అమెరికా ప్రభుత్వం అత్యంత కలుషిత స్థలాల సూపర్‌ఫండ్ జాబితాలో చేర్చింది. పడమటికి వెళ్తే గ్యాలప్. ఆ ఊరికి దగ్గర్లోని చర్చ్ రాక్‌లో 1979 జూలై 16న యురేనియం మిల్లు వ్యర్థాల కట్ట తెగింది. దాదాపు 35 కోట్ల లీటర్ల రేడియోధార్మిక నీళ్లు ప్వెర్కో వాగులో కలిశాయి. నావహోలు గొర్రెలకి నీళ్లు పట్టే వాగు అది. అదే ఏడాది మార్చిలో జరిగిన త్రీ మైల్ ఐలండ్ ప్రమాదం ప్రపంచమంతా తెలుసు. చర్చ్ రాక్ ఎంతమందికి తెలుసు? 1944 నుంచి 1986 దాకా నావహో నేల నుంచి దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వుకుపోయారు. వదిలేసిన గనులు 500 పైనే ఉన్నాయి.

ఆ గనుల దగ్గర కూడా బోర్డులుంటాయి. 'ప్రమాదం, లోపలికి రావద్దు' అని. వాటిలో పాతబడినవీ ఉన్నాయి, ఎండకి వెలిసిపోయినవీ ఉన్నాయి. వాటికోసం ఎవరూ కారు ఆపరు. 'యురేనియం కెఫే' ఫొటో పక్కన ఆ హెచ్చరిక బోర్డు ఫొటో పెట్టినప్పుడే ఆ మొదటి ఫొటోకి అర్థం పూర్తవుతుంది. ఈ కథ మనకి ఇంత దగ్గరగా ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు. నల్లమలలో యురేనియం కోసం సర్వే మాట వచ్చినప్పుడు చెంచులు, వాళ్లతోపాటు ఎందరో ఎందుకు గట్టిగా నిలబడ్డారో, 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేయాల్సిన పరిస్థితి ఎందుకొచ్చిందో తెలుసు. లగూనా, చర్చ్ రాక్ మన ముందు నడిచిన దారి. ఆ దారిలోని బోర్డుని సరదా బొమ్మగా మాత్రమే చూస్తే, మనకి రావాల్సిన హెచ్చరిక మనకి చేరదు.

ఇప్పుడు కెమెరా దగ్గరికొద్దాం. ఈ ఫొటోలకి ఒక పద్ధతుంది. పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు తీయాలి. వెనక నీలాకాశం ఉండాలి. కరెంటు తీగలు, చెత్త డబ్బా, ఆగి ఉన్న ట్రక్కు, నడిచిపోయే మనిషి ఫ్రేములోకి రాకూడదు. మార్గోలీస్ కూడా అంతే, మనుషులూ కార్లూ లేకుండా చూసుకుని తీసేవాడు. కట్టడం స్పష్టంగా కనబడాలన్నది ఆయన ఉద్దేశం, అందులో తప్పులేదు. కానీ ఆ పద్ధతినే లక్షలమంది అలవాటుగా చేసుకున్నప్పుడు ఏమవుతుంది? బోర్డు మీద గీసిన ఆదివాసీ మిగులుతాడు. బోర్డు కింద నడిచిపోయే నిజం ఆదివాసీ పోతాడు.

ఇది కొత్త సంగతి కాదు. ఎడ్వర్డ్ కర్టిస్ 1907 నుంచి 1930 వరకు అమెరికా ఆదివాసుల మీద ఇరవై సంపుటాలు తెచ్చాడు. గొప్ప ఫొటోగ్రాఫర్. ఒక ఫొటోలో ఇద్దరు పీగన్ జాతి మనుషులు గుడారంలో కూర్చుంటే, మధ్యలో ఒక గడియారం ఉంది. అచ్చుకి వెళ్లేసరికి గడియారాన్ని చెరిపేశారు. ఆదివాసీ దగ్గర గడియారం ఉంటే చూసేవాళ్లు అనుకున్న ఆదివాసీలా ఉండడు మరి! మన దగ్గరా అంతే కదా. ఫొటో తీసేవాళ్లు వస్తే చేతిలో సెల్‌ఫోను పక్కన పెట్టమంటారు, జీన్స్ మార్చి గోచీ కట్టుకుని రమ్మంటారు. వందేళ్లుగా ఈ చెరుపుడు నడుస్తూనే ఉంది, పనిముట్టు మారింది అంతే.

అదే దారిలో ఇంకో విషయం చూడండి. హోపీ గ్రామాల్లో ఫొటో తీయకూడదు, వీడియో తీయకూడదు, బొమ్మ గీయకూడదు, పాట రికార్డు చేయకూడదు. ఆ నియమం వాళ్లు పెట్టుకున్నది. అకోమాలో కొండ మీద ఊరు చూడాలంటే వాళ్ల గైడుతోనే వెళ్లాలి, కెమెరాకి వాళ్ల పర్మిషన్ తీసుకోవాలి. చాలామంది టూరిస్టులు దీనికి విసుక్కుంటారు. విసుక్కోవాల్సిన పనేముంది? ఒక శతాబ్దం పాటు అడక్కుండా తీసిన బొమ్మల్ని బోర్డులకీ, పోస్టుకార్డులకీ, గ్లాసులకీ అంటించాక, 'ఇక అడిగి తీయండి' అనడం వాళ్ల హక్కు. మన పండగల్లో, మన ఇళ్లలో, మన ఆడపిల్లల మొహాల మీదకి కెమెరా పెట్టేవాళ్లకి మనం కూడా చెప్పాల్సిన మాట అది.

దీనికి ఎదురు మాట ఉంది. దాన్ని దాటేయకూడదు. "అన్ని బోర్డులూ తెల్లవాళ్లే పెట్టారా? ఆదివాసీలు కూడా పెట్టారు కదా" అంటారు. నిజమే. న్యూమెక్సికో, అరిజోనా సరిహద్దు దగ్గర లప్టన్‌లో ఒక నావహో కుటుంబం కొట్టు తరాలుగా నడుస్తోంది. వాళ్ల పసుపు బోర్డుల మీద కూడా 'చీఫ్' అనే మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దానికి నేను వాళ్లని తప్పు పట్టను. కారులో వచ్చేవాడు ఏది చూస్తే ఆగుతాడో అది పెడితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అరకు టూరిజం రిసార్టుల్లో సాయంత్రం టూరిస్టుల ముందు థింసా ఆడే మన అక్కచెల్లెళ్ల పరిస్థితీ అదే. వాళ్లు ఆడేది వాళ్ల నాట్యమే. కానీ ఎప్పుడు ఆడాలో, ఎంతసేపు ఆడాలో, ఏ చీర కట్టాలో చెప్పేది టికెట్టు కొన్నవాడు. బోర్డు ఎవరు పెట్టారన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఎవరి కంటికోసం పెట్టాల్సొచ్చిందో కూడా చూడాలి.

ఇంకో ఎదురు మాట: "అయితే ఆ బోర్డులన్నీ పీకేయాలంటావా?" లేదు, నేను అలా అనను. పీకేస్తే అబద్ధం చెప్పిన సాక్ష్యం కూడా పోతుంది. రేపు మన మనవలు 'నిజంగా ఇలా పెట్టారా?' అని అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. కానీ ఉంచడం వేరు, మెరుగు పెట్టి మళ్లీ వెలిగించి పండగ చేసుకోవడం వేరు. 1999 చట్టంతో అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ రూట్ 66 పరిరక్షణ కార్యక్రమం పెట్టింది. పాత నియాన్ బోర్డుల్ని బాగుచేయడానికి కూడా దాని నుంచి సాయం అందింది. జనం డబ్బుతో బోర్డు బాగుచేస్తే, దాని కింద ఆ నేల ఎవరిదో, ఆ బొమ్మలో తప్పేంటో చెప్పే చిన్న పలక పెట్టమని అడగడం అత్యాశ కాదు.

మార్చొచ్చు అనడానికి ఉదాహరణ కూడా ఆ రోడ్డు మీదే ఉంది. ఆదివాసీ స్త్రీని కించపరిచే ఒక పాత తిట్టు అమెరికాలో వందల కొండలకి, వాగులకి, లోయలకి పేరుగా ఉండేది. మ్యాపుల మీదా, దారి బోర్డుల మీదా అదే. 2022 సెప్టెంబర్‌లో దాదాపు 650 చోట్ల ఆ పేరు తీసేశారు. ఆ పని చేయించిన మంత్రి డెబ్ హాలండ్. లగూనా ప్వెబ్లో ఆడబిడ్డ, పుట్టింది రూట్ 66 మీదున్న విన్‌స్లో ఊళ్లో. అమెరికా కేంద్ర మంత్రివర్గంలోకి వెళ్లిన మొదటి ఆదివాసీ ఆవిడే. బోర్డు మీద మాట రాసే అధికారం ఎవరి చేతిలో ఉందో, దాన్నిబట్టి మాట మారుతుంది.

ఫొటో తీయదగ్గ బోర్డులు వేరేవి కూడా బోలెడున్నాయి. ఓక్లహోమాలో 'మీరు చెరోకీ నేషన్‌లోకి ప్రవేశిస్తున్నారు' అని చెప్పే రోడ్డు బోర్డులున్నాయి. మస్కోగీల రిజర్వేషన్ ఎప్పుడూ రద్దు కాలేదని 2020 జూలైలో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. రూట్ 66 వెళ్లే టల్సా నగరంలో చాలా భాగం ఆ సరిహద్దుల్లోనే ఉంది. ఆ రోడ్డు దిగి కాస్త పక్కకి వెళ్తే టాలెక్వా ఊళ్లో వీధి పేర్లు చెరోకీ లిపిలో కూడా రాసి ఉంటాయి. 1821 నాటికి సెక్వోయా అనే చెరోకీ మనిషి ఒక్కడే తయారుచేసిన లిపి అది. నావహో నేల మీద రోడ్డు పక్కన పూసల దండలు, వేపుడు రొట్టె అమ్ముకునేవాళ్లు చెక్క మీద చేత్తో రాసుకున్న బోర్డులుంటాయి. ఎండకి నాలుగేళ్లలో చెరిగిపోతాయి. వాటిని ఏ మ్యూజియమూ దాచదు. అలాంటి బడ్డీల గోడల మీదే, నావహోల మధ్య 1987 నుంచి పనిచేసిన చిప్ థామస్ అనే నల్లజాతి డాక్టరు, 2009 నుంచి ఆ ప్రాంత మనుషుల ఫొటోల్నే నిలువెత్తున అచ్చువేసి అంటించాడు. గొర్రెలతో ముసలమ్మ, నవ్వుతున్న పసిపాప. అది చూసి కార్లు ఆగాయి, బడ్డీల్లో అమ్మకాలు జరిగాయి. ఈకల కిరీటం లేకుండా కూడా కారు ఆగుతుందని రుజువైంది.

కాబట్టి వందేళ్ల రూట్ 66 మీదకి వెళ్లే మన పిల్లలకి నేను చెప్పేది ఇది. బోర్డు దగ్గర ఆగండి, ఫొటో తీయండి. దగ్గరగా ఒకటి తీస్తే, పది అడుగులు వెనక్కి వేసి చుట్టుపక్కలతో సహా ఇంకొకటి తీయండి. తీగలు పడితే పడనివ్వండి, మనిషి పడేటట్టయితే అడిగి తీయండి. పెట్టేటప్పుడు మూడు ముక్కలు రాయండి: ఇది ఏ జాతి నేల, బోర్డు మీద బొమ్మ ఏ జాతిది, దీన్ని పెట్టింది ఎవరు. దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, ఫోనులో పది నిమిషాల పని. నగలు కొంటే ఎవరు చేశారని అడగండి. ఆదివాసీలు చేయనిదాన్ని వాళ్లు చేసిందని అమ్మడం అక్కడ 1990 నుంచి గట్టి శిక్షలున్న నేరం.

ఇక్కడున్న మనకి కూడా అదే పని ఉంది. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే వరసగా బొంగు చికెన్ బోర్డులు, 'ట్రైబల్' అనే మాట తగిలించిన హోటళ్లు, కాటేజీలు. బొమ్మలో ఈకలు, విల్లు, డప్పు. ఆ కాటేజీ ఉన్న భూమి 1/70 చట్టం వర్తించే భూమి కాదా? పట్టా ఎవరి పేరు మీదుంది, నడిపేది ఎవరు? బొంగు కొట్టుకొచ్చినవాడికి రోజుకి ఎంత ముడుతోంది? పక్కనే మన ఊరి పేరు రాసిన రోడ్డు బోర్డు చూడండి. మనం పిలిచే పేరు అదేనా, లేక సర్వేకి వచ్చిన గుమస్తా చెవికి వినబడిన పేరా? అయిదో షెడ్యూలు ప్రాంతంలోకి వచ్చారు, ఇక్కడి గ్రామసభకి ఈ హక్కులున్నాయి అని దారినపోయేవాడికి చెప్పే బోర్డు ఎన్నిచోట్ల ఉంది? గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. ఆ లిపిలో ఊరి పేర్లు రాయించుకోవడానికి ఇంకా అడ్డేమిటి?

ఇవన్నీ ఫొటోలు తీసి దాచాల్సినవే. ఇరవై ఏళ్ల తర్వాత ఇవే పాత బోర్డులవుతాయి. అప్పుడెవరో కారులో వచ్చి "ఆ రోజులే వేరు" అని రాసుకోకముందే, ఏ ఊళ్లో ఏ బోర్డు ఎవరు పెట్టారో, దాని కింద భూమి ఎవరిదో మన యువకులు ఇప్పుడే ఫొటోతో సహా రాసిపెట్టాలి. చేతిలో ఫోను ఎలాగూ ఉంది. వచ్చే సంతరోజునే మొదలుపెట్టొచ్చు.